బసంతి జట్కా తోలిన రేష్మా పఠాన్

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటా ఈ సభలో చదువును గురించో, ఆరోగ్యాన్ని గురించో, పొదుపును గురించో ఎవరో ఒకరు మాట్లాడటం రివాజు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీరేం మాట్లాడినా సరే, పిల్లలు లేచి పోకుండా ఉంటే చాలు" అన్నారు. అందుచేత సినిమా సంగతి ఎత్తుకొన్నాము. పెద్దలు నొసలు చిట్లించవద్దని మనవి. తారల కబుర్లు ఇక్కడ చెప్పము. తారకు బదులుగా కింద పడి దెబ్బలు తిన్న ఒక మనిషి సంగతి చెబుతాము. ఆమె పేరు రేష్మా పఠాన్. ఊరు బొంబాయి.

ఈ పేరు విన్నవారు చేతులెత్తండి అంటే నాలుగు చేతులు కూడా లేవవని మాకు తెలుసు. "షోలే" చూసినవారు ఎత్తండి అంటే మాత్రం హాలంతా చేతులే. ఆ సినిమా 1975 ఆగస్టు 15న విడుదలైనది. బొంబాయి మినర్వా థియేటరులో అయిదేళ్ళకు పైగా ఆడింది. మా తరం వాళ్ళకు దాని మాటలు కంఠతా వచ్చు. మాటల రికార్డులు విడిగా అమ్మారు, అవి ఇరానీ హోటళ్ళలో చాయ్ తాగుతూ విన్నవాళ్ళం. అందులో బసంతి అనే జట్కా పిల్ల ఉంటుంది. గబ్బర్ సింగ్ మనుషులు గుర్రాల మీద తరుముతూ ఉంటే ఆ పిల్ల ధన్నో అనే తన గుర్రాన్ని అదిలిస్తూ, బండిలో నిలబడి కొరడా ఝళిపిస్తూ, రాళ్ళ బాటన దూసుకు పోతుంది. చివరకు చక్రం విరిగి బండి బోల్తా పడుతుంది. ఆ ఘట్టానికి మేము ఈలలు వేశాము. బసంతి పాత్ర హేమమాలినిది. కాని ప్రాణాల మీదికి వచ్చే చోట్ల ఆ బండి మీద ఉన్నది రేష్మా పఠాన్. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు నలభై ఏళ్ళు పైన పట్టింది.

మన తెలుగు వాళ్ళు ఇటువంటి మనిషిని "డూప్" అంటారు. ఆ మాటలో కొంచెం చులకన ఉన్నది. "వాడు డూప్ పెట్టి చేశాడోయ్" అంటే హీరోను తక్కువ చేసినట్టు. అసలు పని చేసినవాడి ఊసు ఆ వాక్యంలో ఎక్కడా రాదు, గమనించారా?

ఆడవాళ్ళు సాహసాలు చేయడం మన సినిమాలకు కొత్తేమీ కాదు. 1935లో "హంటర్‌వాలీ" అనే చిత్రం వచ్చింది. వాడియా మూవీటోన్ వారిది. అందులో నాదియా అనే నటి చేతిలో కొరడా పట్టుకొని గుర్రం మీద వచ్చి దుర్మార్గులను చితకబాదింది. ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఈ దేశానికి వచ్చిన మనిషి. పరుగెత్తే రైలు మీద పోట్లాటలు, గోడల మీదనుంచి దూకడాలు అన్నీ తానే చేసేది. మన తెలుగులోనూ 1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన "రౌడీరాణి"లో విజయలలిత తుపాకి పట్టింది. 1990లో "కర్తవ్యం" నాటికి విజయశాంతి పోలీసు దుస్తుల్లో కొడుతుంటే హాళ్ళు ఊగిపోయాయి.

వీరంతా తారలు. పోస్టరు మీద బొమ్మ ఉన్నవాళ్ళు. మామూలు హీరోయిన్ మేడ మీదనుంచి పడాలన్నా, గుర్రం మీదనుంచి దొర్లాలన్నా ఎవరు చేసేవారు? మగవాళ్ళు. నిజం! ఒక ఫైటరుకు గాగ్రా తొడిగి, సవరం పెట్టి, దూరం నుంచి షాటు తీసేవారు. పాత సినిమాల్లో నాజూకైన అమ్మాయి కిందపడేటప్పుడు ఒక్క క్షణం పహిల్వాను భుజాలు కనిపించి మాయమవుతాయి. పిల్లలు సెలవుల్లో వెదకండి, దొరుకుతాయి.

ఆ పరిస్థితిలో 1968 ప్రాంతాన పద్నాలుగేళ్ళ రేష్మా ఈ పనిలోకి వచ్చింది. ఇల్లు గడవని రోజులవి. ఎస్. అజీమ్ అనే ఫైట్ మాస్టరు ఆ పిల్ల చురుకుతనం, మొండి ధైర్యం చూసి, సినిమాలో స్టంట్లు చేస్తావా అని అడిగారు. తండ్రి మొదట ఒప్పుకోలేదు. సంప్రదాయం గల ముస్లిం కుటుంబం, పెళ్ళి కావలసిన పిల్ల, పైగా సినిమా! మాస్టరుగారు పూచీ పడిన మీదట, ఇంట్లో పొయ్యి వెలగడం కోసం, చివరకు సరేనన్నారు.

ఈ ముక్క మేము మొన్న మా ఇంట్లో చెప్తుంటే పెద్దావిడ ఒకరు విని, "ఏం బేటా, ఆడపిల్లకి అదేం పని? చెయ్యో కాలో విరిగితే ఎవరు చేసుకుంటారు?" అన్నారు.

"నానీమా, ఇంట్లో తిండి లేకపోతే ఏం చేస్తుంది మరి?" అన్నాము.

ఆవిడ కాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చొని, "నిజమేలే. మా అమ్మ నన్ను బీడీలు చుట్టటానికి కూర్చోబెట్టినప్పుడు నాకు పదేళ్ళు. నన్నెవరడిగారు?" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మా అభిప్రాయం అడిగితే, పద్నాలుగేళ్ళ పిల్ల ఉండవలసింది బడిలో. ఫైట్ మాస్టరు ఎంత మంచివాడైనా సరే, ఇందులో మాకు రెండో మాట లేదు. కాని ఆ కాలంలో ఆ ఇంటికి ఆ రాబడి దిక్కయింది. ఒకసారి పనిలోకి దిగాక ఆ పిల్ల వెనక్కి చూడలేదు. ఈ రెండూ నిజాలే.

పనిలోకి వచ్చిందే గాని, పని దొరకడం తేలిక కాలేదు. గాగ్రాలు కట్టుకొని హీరోయిన్లకు డూపులుగా చేసే మగ ఫైటర్లకు ఈమె రాక మింగుడు పడలేదు. వాళ్ళదీ రోజు కూలి బతుకే. ఒక ఆడపిల్ల వచ్చి ఆ షాటు చేస్తే వాళ్ళ ఇంట్లో ఆ పూట బియ్యం తగ్గుతాయి. అందుకని మేము వాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేము. అయినప్పటికీ బొంబాయిలోని మూవీ స్టంట్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌లో ఆమెకు సభ్యత్వం వచ్చింది. ఆ సంఘంలో కార్డు పుచ్చుకొన్న మొట్టమొదటి మహిళ ఆమేనని ఆ రంగంలోని వారు చెబుతారు. సంఘం కార్డు అంటే ఏమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కర లేదు. కార్డు ఉంటేనే పనికి పిలుపు, కూలికి లెక్క.

ఆ కూలి ఎంత అంటారా? ఆమె తరువాత ఇంటర్వ్యూలలో చెప్పుకొన్న దాన్నిబట్టి ఆ రోజుల్లో రోజుకు వంద రూపాయలు మొదలు నూట డెబ్బై అయిదు దాకా. 1970ల లెక్కలో అది చిన్న మొత్తం కాదు, గుమాస్తాకు అసూయ కలిగించే మొత్తమే. కాని పని ఉన్న రోజునే ఆ డబ్బు. కాలు విరిగి మంచాన పడిన రోజుకు ఏమీ లేదు.

ఇక ఆ పని తీరు కొంచెం చెబుతాము, ఇది పిల్లల కోసం.

పడటం ఒక విద్య. ఎత్తు మీదనుంచి దూకేవాడు కాళ్ళ మీద పడకూడదు, వీపు మీద పడాలి. దెబ్బ శరీరమంతటా పంచుకోవాలి. కింద ఆ రోజుల్లో ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, వాటి మీద పరుపులు వేసేవారు. పెట్టెలు ఒక్కొక్కటిగా నలిగి వేగాన్ని మింగుతాయి. గాలి నింపిన పెద్ద పరుపులు తరువాత వచ్చాయి. ఇప్పుడైతే నడుముకు తీగ కట్టి దింపి, ఆ తీగను కంప్యూటర్లో చెరిపేస్తారు. రేష్మా పని నేర్చుకొన్న రోజుల్లో చెరపడానికి కంప్యూటరూ లేదు, చాలాసార్లు తీగా లేదు. పగిలే గాజు, విరిగే కుర్చీ ఇవి దొంగ సరుకు, వాటితో పెద్ద ప్రమాదం లేదు. గుర్రం మాత్రం అసలుదే. రాయి అసలుదే.

ఆడ స్టంటుకు ఇంకో చిక్కు ఉన్నది. మగవాడికి ప్యాంటు, కోటు, బూట్లు ఉంటాయి. వాటి లోపల మోకాళ్ళకు, మోచేతులకు, నడుముకు మెత్తలు కట్టుకోవచ్చు, బయటకు తెలియదు. హీరోయిన్‌కు చోళీ, గాగ్రా, లేదా పలుచని చీర. చేతులు బయటకు, నడుము బయటకు. మెత్త ఎక్కడ కట్టాలి? కడితే కెమెరా పట్టేస్తుంది. అందుచేత అదే ఎత్తునుంచి, అదే నేల మీద మగవాడికన్నా ఆడమనిషికి దెబ్బ ఎక్కువ తగులుతుంది. దీన్ని మేము ఎన్నడూ ఆలోచించలేదు. మా వంటి ప్రేక్షకులకు హీరోయిన్ చీర నలగకుండా లేవాలి, అంతే.

పైగా తన నడక మరచిపోవాలి. హేమమాలిని ఎలా నడుస్తుందో, తల ఎలా తిప్పుతుందో, కొరడా ఏ చేత్తో పడుతుందో చూసి అదే చేయాలి. ముఖం మాత్రం కెమెరాకు దొరకకూడదు. ఎంత బాగా చేస్తే అంత బాగా ఆమె మాయమవుతుంది. హేమమాలినికి ఒక్కరికే కాదు, రేఖ, డింపుల్ కపాడియా, శ్రీదేవి, మీనాక్షి శేషాద్రి వంటి వారికి కూడా ఆమె డూపుగా చేసింది. ఒక్క శరీరం, ఇందరు తారలు.

ఇక షోలే. 1973 అక్టోబరులో చిత్రీకరణ మొదలైనది. బెంగుళూరు - మైసూరు దారిలో, బెంగుళూరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో రామనగరం అనే ఊరున్నది. అక్కడి కొండలు ఒట్టి బండరాళ్ళు. ఆ రాళ్ళ మధ్య దర్శకుడు రమేశ్ సిప్పీ ఒక గ్రామాన్నే కట్టించాడు. 70 ఎం.ఎం. తెరకు తగ్గట్టు పోరాటాలు ఉండాలని విదేశాల నుంచి స్టంట్ నిపుణులను కూడా పిలిపించారు. మన అజీమ్ మాస్టరూ ఆ చిత్రానికి పని చేశారు.

జట్కా సంగతి తెలిసినవారు ఈ సభలో ఉన్నారు. మన ఊళ్ళల్లో ఒకప్పుడు జట్కా నడిపి బతికిన కుటుంబాలు ఎన్నో. రెండే చక్రాల బండి అది. గుర్రం నడుస్తున్నంత సేపే దానికి నిలకడ. మామూలు రోడ్డు మీద ఒక చక్రం గుంటలో దిగితేనే బండివాడికి గుండె జారుతుంది. అలాంటిది నాలుగు కాళ్ళ పరుగు మీద, రాళ్ళ నేల మీద, నిలబడి తోలడం! అటువంటి షాటుకు ముందుగా ఇరుసు చీల సంగతి చూసుకొంటారు, చక్రం ఏ రాయికి తగిలి ఊడాలో గుర్తు పెడతారు, పడే చోట నేలను మెత్తబరుస్తారు, మనిషి ఏ క్షణంలో బయటకు దూకాలో లెక్క కడతారు. ఆ లెక్కలో గుర్రం సంతకం ఉండదు. అది ఒక అడుగు ముందు బెదిరినా, ఒక మూర పక్కకు లాగినా కాగితం మీది లెక్క అంతా తప్పుతుంది.

తప్పింది. బండి బోల్తా పడింది, రేష్మా దాని కింద పడింది. గాయాలయ్యాయి. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళో, ఇరవై ఒకటో. కట్లు కట్టించుకొని, తేరుకొని, మళ్ళీ వచ్చి తన పని పూర్తి చేసింది. ఎందుకు వచ్చిందని అడిగితే ధైర్యం అంటారు చాలామంది. ధైర్యం ఉన్నది, కాదనము. కాని రోజు కూలి మనిషి సగంలో వదిలేసి పోతే రేపు పిలుపు రాదన్న భయం కూడా అంతే బలంగా ఉంటుందని మాకు తోస్తున్నది. కట్టడం పనికి పోయే మన తమ్ముళ్ళను అడగండి, జ్వరంతో పరంజా ఎక్కేది ధైర్యం వల్లనేనా అని.

సినిమా విడుదలై దేశమంతా ఊగిపోయింది. వందకు పైగా థియేటర్లలో ఇరవై అయిదు వారాలు దాటి ఆడింది. గబ్బర్ సింగ్ పేరు పాలు తాగే పిల్లలకు కూడా తెలిసింది. ధన్నో పేరు తెలిసింది. అవును, గుర్రం పేరు తెలిసింది! బండి తోలిన మనిషి పేరు తెలియలేదు. ఇది ఎవరో పన్నిన కుట్ర అని మేము అనము. డూప్ ఉన్నదని తెలిస్తే ప్రేక్షకుడి సరదా చెడుతుందని ఆ వ్యాపారపు నమ్మకం. మనం కూడా టిక్కెట్టుతో పాటు ఆ నమ్మకాన్ని కొనుక్కొన్నాము.

ఆమె తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నది. స్టంట్ రంగానికే చెందిన షకూర్ పఠాన్‌గారిని వివాహమాడినది. మా ఇంటి పెద్దావిడకు ఈ ముక్క చెప్పాము. "హమ్మయ్య" అన్నారు.

ఇప్పుడు మన సంఘం వంటి సంఘాలు ఆలోచించవలసిన సంగతికి వస్తాము. ఎముక విరిగితే ఎవరిది ఖర్చు? ఇటువంటి పనివారికి పాలసీ ఇవ్వడానికి బీమా కంపెనీలు చాలాకాలం ముందుకు రాలేదు. వారి లెక్కలో అది న్యాయమే కావచ్చు. రోజూ మేడ మీదనుంచి దూకేవాడికి ఎవరు పూచీ పడతారు? కాని ఆ లెక్క ప్రకారం, ఎవరికి బీమా అన్నిటికన్నా అవసరమో వారికే అది దొరకదు. తోటి ఫైటర్లు చందాలు వేసుకొని ఆదుకోవడం, సంఘం నిధిలోంచి కొంత ఇవ్వడం, నిర్మాత మంచివాడైతే ఆసుపత్రి బిల్లు కట్టడం, ఇట్లా నడిచింది. మంచివాడు కాకపోతే అదీ లేదు.

ఇదంతా పాతకాలపు మాట అనుకోకండి. 2016 నవంబరు 7న బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక కన్నడ చిత్రానికి షూటింగ్ జరిగింది. హీరోతో పాటు అనిల్, ఉదయ్ అనే ఇద్దరు హెలికాప్టరు నుంచి నీళ్ళలోకి దూకారు. హీరో బయటపడ్డాడు. ఆ ఇద్దరు మునిగిపోయారు. వాళ్ళకు లైఫ్ జాకెట్లు లేవు. కోట్లు పెట్టి తీసే సినిమాలో, హెలికాప్టరును అద్దెకు తెచ్చినచోట, రెండు జాకెట్లు లేవు! ఈ మాట చెప్పేటప్పుడు మాకు ఇప్పటికీ నోరు పెగలదు. మళ్ళీ 2025 జూలై 13న తమిళనాడులో నాగపట్టణం దగ్గర ఒక చిత్రానికి కారు బోల్తా కొట్టించే షాటు చేస్తూ ఎస్.ఎం. రాజు అనే అనుభవజ్ఞుడైన స్టంట్ మనిషి మరణించాడు. అటువంటి షాట్లు ఆయన అంతకు ముందు ఎన్నో చేసినవాడే.

అది జరిగిన తరువాత పత్రికలలో మరో వార్త వచ్చింది. నటుడు అక్షయ్ కుమార్ దేశంలోని సుమారు 650 మంది స్టంట్ పనివారికి బీమా ఏర్పాటు చేశారని, షూటింగులో దెబ్బ తగిలినా బయట తగిలినా అయిదు లక్షలకు పైగా చికిత్స ఉచితంగా దొరుకుతుందని దాని సారాంశం. మంచి పని, మేము మెచ్చుకొంటాము. అయినా ఒక సందేహం మిగులుతుంది: ఒక దాత మనసు మీద ఆధారపడకుండా, షూటింగు అనుమతితో పాటే ఇది తప్పనిసరి కావద్దా? మన సభ్యులలో వకీళ్ళు ఉన్నారు, వారు చెప్పాలి.

గుర్తింపు సంగతి కొంచెం మెరుగైనది. జాతీయ చలనచిత్ర అవార్డులలో స్టంట్లకంటూ ఒక బహుమతి 2017లో ఇచ్చిన 64వ అవార్డులతో వచ్చింది. మరుసటి ఏడు అది మన తెలుగువారి "బాహుబలి 2"కు, అబ్బాస్ అలీ మొఘల్‌గారికి వచ్చింది. తరువాత "ఆర్.ఆర్.ఆర్."కూ దక్కింది. అమెరికాలో ఆస్కారు వారైతే ఇంకా ఆలస్యం. 2027లో విడుదలయ్యే చిత్రాలకు, 2028లో జరిగే నూరవ ఉత్సవంలో మొదటిసారి ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. నూరేళ్ళు పట్టింది వాళ్ళకు!

రేష్మా పఠాన్ సంగతి కూడా ఆలస్యంగానే వెలుగులోకి వచ్చింది. 2019 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినం నాడు, "ది షోలే గర్ల్" అనే చిత్రం జీ5లో విడుదలైనది. ఆదిత్య సర్పోత్‌దార్ దర్శకుడు, రేష్మా పాత్రను బిదితా బాగ్ పోషించింది. అదే సంవత్సరం చలనచిత్ర విమర్శకులు ఆమెను ప్రత్యేక పురస్కారంతో గౌరవించారు. షోలే విడుదలై అప్పటికి నలభై నాలుగేళ్ళు. మేము ఆ చిత్రం మా మనుమరాలి ఫోనులో చూశాము. చూస్తూ ఉండగా ఆ పిల్ల, "తాతా, షోలే నువ్వు ఎన్నిసార్లు చూశావు?" అని అడిగింది. పదకొండు సార్లు అన్నాము. "మరి పదకొండు సార్లలో ఈమె నీకు ఒక్కసారి కూడా కనిపించలేదా?" అన్నది. ఏం చెబుతాము?

అందుకే ఈ రాత్రి భోజనాల తరువాత పిల్లల కోసం షోలేలోని ఆ జట్కా ఘట్టం తెర మీద వేయాలని కార్యదర్శిగారిని అడిగాము, వారు ఒప్పుకొన్నారు. ముందు హేమమాలిని ముఖం దగ్గరగా వస్తుంది. ఆ తరువాత దూరం నుంచి తీసిన షాట్లు వస్తాయి. బండి చిన్నదిగా, వెనకాల దుమ్ము రేగుతూ. ముఖం కనబడని ఆ చోట్ల బండి మీద నిలబడిన మనిషిని చూడండి. మేమూ చూస్తాము, పన్నెండోసారి.

దమ్ చల్లారి పోతున్నదని వంటవాళ్ళు తలుపు దగ్గరనుంచి సైగ చేస్తున్నారు.  సెలవు. ఖుదా హాఫిజ్.